ఒంటరిగా పూర్తికాని ఆట



1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్ బాయ్ అనే చేతి ఆటయంత్రం కోసం ఒకే ఆటకి రెండు క్యాసెట్లు విడుదలయ్యాయి. ఒకటి ఎరుపు, ఇంకొకటి ఆకుపచ్చ. ఆట పేరు పాకెట్ మాన్‌స్టర్స్. తర్వాత లోకమంతా దాన్ని పోకెమాన్ అంది. రెండు క్యాసెట్లలోనూ కథ ఒకటే, ఊళ్లూ దారులూ అవే. ఆడేవాడు ఒక పిల్లవాడై ఊరూరా తిరుగుతూ వింత జీవుల్ని పట్టి, పెంచి, ఇతరుల జీవులతో పోటీకి దింపుతాడు. అయితే ఎరుపు క్యాసెట్‌లో దొరికే కొన్ని జీవులు ఆకుపచ్చలో ఎంత వెతికినా దొరకవు, ఆకుపచ్చలోవి ఎరుపులో దొరకవు. అన్నీ కావాలంటే రెండో క్యాసెట్ ఉన్న ఇంకో మనిషి కావాలి. ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి, రెండు యంత్రాలనూ ఒక తీగతో కలపాలి, నాది నీకు, నీది నాకు అని మార్చుకోవాలి. కడాబ్రా, మచోక్, గ్రావెలర్, హాంటర్ అనే నాలుగు జీవులైతే అలా చేతులు మారితేనే తమ చివరి రూపానికి ఎదుగుతాయి. యజమాని ఎన్నాళ్లు సాకినా, ఎన్ని పోటీలు గెలిపించినా అంతకుమించి పెరగవు.

ఈ ఆలోచన సతోషి తజిరి అనే ఆయనది. 1965లో పుట్టారు, టోక్యోకి పడమటనున్న మచిదాలో పెరిగారు. అప్పట్లో అక్కడ పొలాలూ చెరువులూ ఉండేవి. ఆయనకి పురుగులంటే ప్రాణం. తోటి పిల్లలు ఆయన్ని పురుగుల డాక్టరు అనేవారట. ఆరుద్ర కార్తెలో మన పిల్లలు ఎర్రటి ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో గడ్డి పరిచి దాచుకుని, నీ దగ్గరెన్ని, నా దగ్గరెన్ని అని చూపించుకున్నట్టే ఆయన బాల్యమూ గడిచింది. మచిదా నగరంలో కలిసిపోయింది, చెరువులు పూడిపోయాయి. కుర్రవాడు ఆటయంత్రాలుండే దుకాణాల్లో కాలం గడపసాగాడు. పెద్దయ్యాక గేమ్ బాయ్‌లను కలిపే తీగను చూసినప్పుడు, దాని మీదుగా పురుగులు ఒక యంత్రంలోంచి ఇంకోదానిలోకి పాకిపోతున్నట్టు ఆయనకి తోచింది. ఆట తయారవడానికి ఆరేళ్లు పట్టింది. అప్పటికి గేమ్ బాయ్ ఏడేళ్ల పాత యంత్రం, దాని పని అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు.

ఈ ఆట వెనక ఇంకో సంగతి ఉంది. ఆటను తయారుచేసిన గేమ్ ఫ్రీక్ సంస్థ మొదట సంస్థే కాదు. 1983లో తజిరి ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడు చేత్తో రాసి, జిరాక్స్ తీసి, పిన్నులు కొట్టి అమ్మిన చిన్న పత్రిక పేరు అది. ఏ ఆటలో ఏ కిటుకు ఉంది, ఎక్కడ ఎలా గెలవాలి అని తోటి ఆటగాళ్లకి చెప్పే పత్రిక. కెన్ సుగిమోరి అనే ఇంకో కుర్రవాడు దాన్ని ఒక దుకాణంలో చూసి, బొమ్మలు నేను వేస్తానంటూ వచ్చి చేరాడు. తర్వాత పోకెమాన్ జీవులకి రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు ఆయనే. ఆ పత్రికే 1989లో ఆటలు చేసే సంస్థగా మారింది. అంటే పోకెమాన్‌ను కన్నది అభిమానులే. సినిమా హీరోల అభిమాన సంఘాలు మనకి బాగా తెలుసు. అక్కడ హీరో ముందు, అభిమాని తర్వాత. ఇక్కడ అభిమాని ముందు పుట్టాడు, ఆట తర్వాత పుట్టింది. ఆ తర్వాత కూడా ఆటలో సగం వాళ్లే కట్టుకుంటూ వచ్చారని నా నమ్మకం. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ సగం గురించే.

మొదట పుకార్ల సంగతి చూద్దాం. ఆటలో అధికారికంగా 150 జీవులున్నాయి. ఆట పూర్తయ్యే దశలో, పరీక్షల కోసం పెట్టిన భాగాలు తీసేశాక క్యాసెట్‌లో మూడు వందల బైట్ల చోటు మిగిలింది. షిగెకి మోరిమోతో అనే ప్రోగ్రామర్ ఆ చోటులో 151వ జీవిని పెట్టేశాడు. పేరు మ్యూ. మామూలుగా ఆడితే అది కనపడదు. అలాంటిది ఒకటుందన్న మాట మెల్లగా పిల్లల్లో పాకింది. అప్పుడు కోరోకోరో అనే పిల్లల పత్రిక, ఇరవై మందికి మ్యూని ఇస్తామని ప్రకటించింది. ఇరవై మందికి! ఉత్తరాలు వేల మీద వేలు వచ్చిపడ్డాయి. దొరికింది ఇరవై మందికే అయినా, దాని గురించి మాట్లాడుకునే హక్కు అందరికీ దొరికింది. ఆట అమ్మకాలు కూడా ఆ కబుర్లతోపాటే పెరిగాయి.

1998 సెప్టెంబరులో ఆట అమెరికాకి వెళ్లింది. మ్యూ కథ అక్కడ ఇంకో రూపు ఎత్తింది. ఆటలో ఒక రేవు ఉంది. అక్కడికి ఒక ఓడ వస్తుంది. కథలో ఒక పని కాగానే ఓడ వెళ్లిపోతుంది, ఇక ఆ రేవుకి దారి మూసుకుపోతుంది. ఓడ వెళ్లకుండా జాగ్రత్తపడి, నీటి మీద ఈదే విద్య సంపాదించి, మళ్లీ ఆ రేవుకి వచ్చి నీళ్లలోకి దిగితే, పక్కన ఒక మూలన ఒక ట్రక్కు కనిపిస్తుంది. ఆట మొత్తంలో ట్రక్కు ఇంకెక్కడా లేదు. ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. ఆ ట్రక్కు కింద మ్యూ ఉందని స్కూళ్లలో పుకారు పుట్టింది. ట్రక్కుని తోసే బలం ఉన్న జీవి కావాలన్నారు. కొందరు పిల్లలు ఈ ఒక్క పని కోసం ఆటని మొదటినుంచీ మొదలుపెట్టారు, ఓడ కదలకుండా కావాలని పోటీలో ఓడిపోయి బయటికొచ్చారు. ట్రక్కు కదల్లేదు, దాని కింద ఏమీ లేదు. అయినా నేను చూశాను, మా పెదనాన్న కొడుకు చూశాడు అని చెప్పేవాడు ప్రతి క్లాసులోనూ ఒకడు ఉండేవాడు. 2004లో ఆ ఆటను కొత్తగా మళ్లీ చేసినప్పుడు, తయారీదారులు ఆ ట్రక్కు దగ్గర తినే వస్తువొకటి దాచిపెట్టారు. మ్యూ కాదు, ఒక బిస్కెట్టు. అన్నేళ్లు వెతికిన పిల్లలకి అది వాళ్ల జవాబు.

ఇంకో పుకారు మాత్రం నిజమైంది. ఒక ఊళ్లో ఒక ముసలాయన జీవుల్ని ఎలా పట్టాలో చూపిస్తాడు. అది చూసి, నేరుగా సినబార్ అనే ద్వీపానికి ఎగిరిపోయి, తూర్పు ఒడ్డు వెంట నీళ్లలో అటూఇటూ ఈదితే, చెదిరిపోయిన చుక్కల దిమ్మలాంటి ఒక ఆకారం ఎదురుపడుతుంది. పేరు మిసింగ్‌నో. దాన్ని చూసి తిరిగొచ్చాక సంచిలోని ఆరో వస్తువు వందకు పైగా పెరిగి ఉంటుంది. ఇదెలా జరిగిందో తర్వాత అభిమానులే తవ్వి తీశారు. ముసలాయన చూపిస్తున్నప్పుడు తెర మీద ఆయన పేరు పడాలి కాబట్టి, ఆట మీ పేరుని తాత్కాలికంగా ఇంకోచోట దాస్తుంది. ఆ చోటు, ఆ దారిలో ఏ జీవులు ఎదురుపడాలో రాసుకునే చోటే. సినబార్ ఒడ్డున కొత్త వివరాలు రాసుకోదు కాబట్టి, మీ పేరులోని అక్షరాలనే జీవుల జాబితా అనుకుని చదువుతుంది. అందుకే ఒక్కో పిల్లవాడికి ఒక్కో రకం కనపడింది. ఒకడు చెప్పింది ఇంకొకడికి జరగలేదు. అబద్ధమాడావని కొట్టుకున్న ఇద్దరు పిల్లలూ నిజమే చెప్పి ఉండవచ్చు.

ఈ తవ్వకమే వాళ్ల జ్ఞానానికి మొదలు. నూటికి నూరు తప్పదని ఆట చెప్పే దెబ్బ కూడా మొదటి ఆటల్లో 256లో ఒకసారి గురి తప్పుతుంది. దెబ్బ పదును పెంచుతానని చెప్పే విద్య ఒకటి నిజానికి పదును తగ్గిస్తుంది. దెయ్యం జాతి దెబ్బ మనశ్శక్తి జాతికి గట్టిగా తగలాలని కథలో చెప్పి, లెక్కలో మాత్రం అసలు తగలకుండా రాశారు. ఇవన్నీ ఎవరూ అడగకుండా, ఎవరూ జీతం ఇవ్వకుండా కనిపెట్టినవాళ్లు అభిమానులు. 1999లో జో మెరిక్ అనే బ్రిటన్ వాసి కుర్రతనంలో మొదలుపెట్టిన సెరెబీ అనే వెబ్‌సైట్ ఇప్పటికీ రోజూ నడుస్తోంది. 2004లో మొదలైన బల్బపీడియా అనే విజ్ఞానసర్వస్వంలో ఒక్కో జీవికి ఒక్కో వ్యాసం ఉంది. 2024 నాటికి జీవుల లెక్క 1025. వెయ్యి దాటిన జీవుల్లో ప్రతిదాని బరువూ, ఎత్తూ, ఏ ఆటలో ఏ గడ్డిలో దొరుకుతుందో, కార్టూన్‌లో ఏ భాగంలో కనపడిందో అన్నీ తేలుస్తారు. తప్పు రాస్తే గంటల్లో ఇంకొకరు దిద్దుతారు. ఇంత శ్రద్ధ పరిశోధన గ్రంథాల్లో కూడా అరుదుగా చూస్తాం.

మన తెలుగు ఇళ్లకి పోకెమాన్ ఆటగా రాలేదు, కార్టూన్‌గా వచ్చింది. రెండువేల మూడు, నాలుగు ప్రాంతాల్లో సాయంత్రం బడి నుంచి రాగానే టీవీ ముందు కూర్చున్న తరానికి ఆష్ అనే పిల్లవాడు, అతని జీవి పికాచు ఇంటి మనుషులే. చిప్స్ ప్యాకెట్లలో వచ్చే పోకెమాన్ బొమ్మల టాజో బిళ్లల కోసం, ఇంట్లో ఎవరూ తినకపోయినా ప్యాకెట్లు కొన్నవాళ్లున్నారు. గేమ్ బాయ్ మాత్రం మన ఊళ్లలో చాలా అరుదు. బయట దేశంలో మావయ్యో బాబాయో ఉంటే తప్ప దొరికేది కాదు. అందుకని ఇక్కడి పిల్లలు ఎక్కువమంది ఆ ఆటని కంప్యూటర్ మీద, నెట్ సెంటర్లలో, తర్వాత ఫోన్లలో, ఆటయంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాంతో ఆడారు. అనుమతి ఉన్న పద్ధతి కాదు అది. కానీ వేరే దారి కూడా వాళ్లకి లేదు. అలా ఆడినవాళ్లలో చాలామందికి తీగ లేదు, అవతలి యంత్రం లేదు. వాళ్ల హాంటర్ చివరి దాకా హాంటర్‌గానే ఉండిపోయింది. కార్టూన్‌లో దాని చివరి రూపమైన గెంగార్‌ని చూసి, మనది ఎందుకు అలా మారడం లేదని ఆలోచించిన పిల్లలు మన దగ్గర వేలమంది ఉంటారు. ఆట సగమే అందిందని వాళ్లలో చాలామందికి పెద్దయ్యాక గానీ తెలియలేదు. నన్ను ఈ విషయం వైపు లాగింది ఆ సగమే.

అభిమానులు ఆటకి కలిపినవాటిలో నాకు బాగా నచ్చేది నజ్‌లాక్ అనే పద్ధతి. 2010లో నిక్ ఫ్రాంకో అనే అమెరికన్ రూబీ అనే పోకెమాన్ ఆటను తనకు తానే పెట్టుకున్న షరతులతో ఆడి, ఆ కథని బొమ్మల కథగా గీసి పంచుకున్నాడు. షరతులు చిన్నవి. ఒక్కో ప్రాంతంలో మొదట ఎదురైన జీవిని మాత్రమే పట్టుకోవాలి. పోటీలో ఏ జీవి అయినా స్పృహ తప్పి పడిపోతే అది చచ్చిపోయినట్టే, మళ్లీ వాడకూడదు. తర్వాత ఆడినవాళ్లు ప్రతిదానికీ ఒక పేరు పెట్టాలన్న నియమం కలిపారు. అసలు ఆటలో జీవులు చావవు. ఆసుపత్రికి తీసుకెళితే నిమిషంలో లేచి కూర్చుంటాయి. చిన్నపిల్లల ఆట కదా. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లకి చావు లేని ఆట చాల్లేదు. ఒక పక్షికి పేరు పెట్టి, నలభై గంటలు వెంట తిప్పుకుని, ఒక్క తప్పుడు నిర్ణయంతో పోగొట్టుకున్నవాడు ఆ పక్షి పేరు పదేళ్ల తర్వాత కూడా చెప్పగలడు. ఎవరికీ నచ్చని, మామూలుగా ఎవరూ వెంట ఉంచుకోని జీవులు కూడా దారిలో మొదట ఎదురైన కారణంగా జట్టులో చోటు సంపాదించుకున్నాయి. ఆట తయారీదారులు ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఆడేవాళ్ల ఒప్పందం ఒక్కటే మారింది.

ఒప్పందం కుదరనప్పుడు ఏమవుతుందో కూడా లోకం చూసింది. 2014 ఫిబ్రవరి 12న ఆస్ట్రేలియాకి చెందిన ఒక ప్రోగ్రామర్, తన పేరు చెప్పకుండా, ట్విచ్ అనే ప్రత్యక్ష ప్రసార వేదిక మీద పాత ఎరుపు ఆటని పెట్టాడు. ఆడేది ఒక్కరు కాదు. చూస్తున్నవాళ్లలో ఎవరైనా పైకి, కిందికి, ఎడమ, కుడి అని టైపు చేస్తే, ఆటలోని పిల్లవాడు ఆ మాట వింటాడు. మొదట కొందరే ఉన్నారు. తర్వాత ఒక దశలో ఒకేసారి లక్షా ఇరవై వేల మంది చేరారు, వాళ్లలో వేలమంది ఆ పిల్లవాడికి తలా ఒక ఆజ్ఞ ఇస్తున్నారు. పైగా తెర మీద కనపడేది కొన్ని క్షణాల ఆలస్యంగా కనపడుతుంది. అందువల్ల వాడు గోడకి గుద్దుకుంటాడు, వెనక్కి తిరుగుతాడు, పదే పదే సంచి తెరుస్తాడు. ఒక చిన్న గట్టు అంచు వెంబడి పడిపోకుండా నడవడానికి గంటలు పట్టింది. ఒక్కడు ఆడితే అది కొన్ని సెకన్ల పని.

సంచి తెరిచిన ప్రతిసారీ చేతికి తగిలేది హెలిక్స్ అనే శిలాజం. ఆ దశలో దేనికీ పనికిరాని వస్తువది. పనికిరాని వస్తువుని అన్నిసార్లు చేతిలోకి తీసుకుంటున్నాడంటే దాన్నే సలహా అడుగుతున్నాడని ఎవరో అన్నారు. కొద్ది రోజుల్లో హెలిక్స్ దేవుడైపోయింది. ఒక జీవిని నీటి జాతిగా మార్చబోయి పొరపాటున అగ్ని జాతిగా మార్చేశారు. ఆ జీవికి అబద్ధపు ప్రవక్త అని పేరు పడింది. దాన్ని కంప్యూటర్ పెట్టెలో పెట్టేయబోతే, మొదటినుంచీ వెంట ఉన్న చార్మీలియన్, ఇంకో చిన్న ఎలుక జీవి పొరపాటున అడవికి విడుదలైపోయాయి. ఇక తిరిగిరావు. ఆ రాత్రి వాటి కోసం గీసిన బొమ్మలు ఎన్నో. దొంగల స్థావరంలో దారి తెలియని గదిలో చిక్కుకుపోయినప్పుడు, అందరి ఓట్లూ లెక్కపెట్టి ఎక్కువ మంది చెప్పిందే వినే పద్ధతిని నిర్వాహకుడు ప్రవేశపెట్టాడు. వెంటనే రెండు పక్షాలయ్యాయి. ప్రజాస్వామ్యం కావాలని ఒకరు, అరాచకమే ఈ ఆట ప్రాణం అని ఇంకొకరు. ఓటు పద్ధతి నచ్చనివాళ్లు కావాలని ఆటని ఆపేసే ఆజ్ఞలు ఇచ్చి నిరసన తెలిపారు. చివరికి 16 రోజుల తర్వాత, మార్చి 1న, ఆ పిల్లవాడు ఆట గెలిచాడు. పాల్గొన్నవాళ్లు 11 లక్షలకు పైనే.

నన్ను కదిలించింది గెలుపు కాదు. అర్థం లేని తడబాటుకి అర్థం కల్పించకుండా ఆ జనం ఉండలేకపోయారు. శిలాజానికి దైవత్వం, పోయిన జీవులకి సంతాపం, ఓటు మీద తగాదా, అన్నీ వాళ్లే చేసుకున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని లక్షమంది రెండు వారాల్లో ఒక పురాణం రాసుకున్నారు.

పోటీల లోకం దీనికి భిన్నం. అక్కడ ప్రతి జీవికీ లెక్క ఉంది. 2004లో మొదలైన స్మోగన్ అనే బృందం, ఏ జీవిని ఎంతమంది వాడుతున్నారో లెక్కగట్టి జీవుల్ని తరగతులుగా విడదీస్తుంది. అందరూ వాడేవి పై తరగతి, ఎవరూ వాడనివి కింది తరగతి. అదేమీ అవమానం కాదు. కింది తరగతిలో బలమైనవాటికి ప్రవేశం ఉండదు కాబట్టి, బలహీనమైనవాటికి కూడా తమలో తాము పోటీపడే చోటు దొరుకుతుంది. ఇష్టమైన చిన్న జీవితో ఆడాలనుకునేవాళ్ల కోసం అభిమానులు చేసిన ఏర్పాటు అది. ఇది చాలా దయగల ఏర్పాటని నేననుకుంటాను.

అధికారిక ప్రపంచ పోటీలో అలాంటి తరగతులు లేవు. 2014 ఆగస్టులో వాషింగ్టన్‌లో జరిగిన పోటీకి దక్షిణ కొరియా నుంచి సెజున్ పార్క్ అనే ఆటగాడు వచ్చాడు. ఆరు జీవుల్ని తీసుకొచ్చి, ప్రతి పోటీకీ వాటిలో నాలుగింటిని ఎంచుకుని, రెండేసి చొప్పున దింపాలి. ఆయన ఆరింటిలో ఒకటి పచిరిసు. తెల్లగా, నీలం చార ఉన్న చిన్న ఉడుత. విద్యుత్తు జాతి. ముద్దుగా ఉంటుందని పిల్లలు పెంచుకునే జీవి. ప్రపంచ పోటీకి దాన్నెవరూ తేరు. ఆయన ఎందుకు తెచ్చాడంటే, దానికి నా వెంట రండి అనే విద్య ఒకటుంది. అది వాడితే ఎదుటివాళ్లు పక్కవాడి మీదికి గురిపెట్టిన దెబ్బలు దాని మీదే పడతాయి. ఆయన ప్రధాన బలం గ్యారడోస్ అనే పెద్ద నీటి సర్పం. దానికి విద్యుత్తు దెబ్బ అంటే ప్రాణాంతకం. ఆయన పచిరిసుకేమో విద్యుత్తు తగిలితే గాయం కాదు, ఉన్న గాయం మానుతుంది. కాబట్టి సర్పాన్ని చంపడానికి వేసే దెబ్బ ఉడుత మీదికి వెళ్లి, దానికి బలమై కూర్చుంటుంది. మిగతా దెబ్బలకి అది ఎంతసేపు నిలబడుతుందన్నదే లెక్క. ఆయన ఆ లెక్క కచ్చితంగా వేసుకుని వచ్చాడు. ఫైనల్లో ఉడుత దెబ్బ తిని పడిపోతుందని అందరూ అనుకున్నప్పుడు కొద్దిపాటి ప్రాణంతో నిలబడింది. హాలంతా అరిచింది. జట్టులో మిగతావి పని పూర్తిచేశాయి. సెజున్ పార్క్ ప్రపంచ విజేత అయ్యాడు.

అక్కడ పిల్లలకి వేరే విభాగం, కొంచెం పెద్దవాళ్లకి ఇంకో విభాగం, ఆపైవాళ్లకి ఇంకోటి ఉంటాయి. తల్లి పిల్లతో వస్తుంది, ఒక్కోసారి ఇద్దరూ పోటీదారులే. ఉడుత గెలిచిన రోజున ఆ పిల్లలు ఏమి నేర్చుకున్నారో ఏ కోచింగులోనూ దొరకదు.

పోకెమాన్ బొమ్మల కార్డుల దారిన డబ్బు ఈ లోకంలోకి కూడా వచ్చింది. ఆ కథ నాకు చెప్పాలని లేదు, చెప్పక తప్పదు. 1997, 98లలో కోరోకోరో పత్రిక పిల్లలకి బొమ్మలపోటీ పెట్టి, గెలిచినవాళ్లకి ఒక పికాచు కార్డు బహుమతిగా ఇచ్చింది. చేతిలో కుంచె పట్టుకున్న పికాచు బొమ్మ అది, పికాచుకి రూపమిచ్చిన అత్సుకో నిషిదా గీసింది. బాగా బొమ్మ వేశావు అని ఒక పిల్లకి ఇచ్చిన మెప్పు. అలాంటి కార్డుల్లో ఒకదానికి పలికిన 52,75,000 డాలర్ల ధరని 2022లో గిన్నిస్ రికార్డుగా నమోదు చేశారు. 2023 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్‌గో మ్యూజియం పోకెమాన్‌తో కలిసి ప్రదర్శన పెట్టి, టోపీ పెట్టుకున్న పికాచు కార్డుని వచ్చినవాళ్లకి ఇస్తే, తిరిగి అమ్ముకునేవాళ్లు తోసుకుని ఎగబడ్డారు. కొన్ని వారాల్లోనే మ్యూజియం అక్కడ ఆ కార్డు ఇవ్వడం ఆపేసింది. పిల్లలు బొమ్మలు చూద్దామని వచ్చిన చోటు అది. కార్డుని పెట్టుబడిగా చూసేవాళ్లని నేను అభిమానుల్లో లెక్కపెట్టను.

హక్కుల గొడవ ఇంకొకటి. ఇద్దరు అభిమానులు తొమ్మిదేళ్లు కష్టపడి, నూట యాభై కొత్త జీవులతో పోకెమాన్ యురేనియం అనే ఆటను చేసి, 2016 ఆగస్టులో ఉచితంగా ఇచ్చారు. పదిహేను లక్షలసార్లకు పైగా దాన్ని దించుకున్నారు. గేమ్ బాయ్‌ను తయారుచేసిన నింటెండో కంపెనీ లాయర్ల నోటీసులు రావడంతో రోజుల్లోనే వాళ్లు దాన్ని వెనక్కి తీసుకున్నారు. చట్టప్రకారం కంపెనీ మాటే చెల్లుతుంది. కానీ చేతిరాత పత్రికతో మొదలైన సంస్థ చేసిన ఆటకి, అభిమానుల చేతిపనితో కలిసి బతికే దారి ఒకటి కనిపెట్టడం అసాధ్యం కాకూడదు.

2016 డిసెంబరులో, జియోతో కలిసి, పోకెమాన్ గో మన దేశంలోకి అధికారికంగా వచ్చింది. అప్పటికే జులై నుంచి హైదరాబాద్‌లో కుర్రాళ్లు దొడ్డిదారిన ఫోన్లలోకి ఎక్కించుకుని, రోడ్ల మీద ఫోన్ పట్టుకుని నడిచేవారు. ఇందులో జీవులు ఫోనులోని మ్యాప్ మీద కనపడతాయి. విగ్రహాలు, గుళ్లు, పార్కులు ఆటలో మజిలీలు. మొదటి ఊపు తగ్గిపోయింది, ఆట పోలేదు. నెలనెలా కమ్యూనిటీ డే అని కొన్ని గంటలు ఒకే రకం జీవి ఎక్కువగా దొరుకుతుంది. ఆ పూట నగరంలోని పార్కుల్లో కాలేజీ కుర్రాళ్లు, ఐటీ ఉద్యోగులు, పిల్లని వెంటేసుకున్న తండ్రులు ఒకే బెంచీ దగ్గర చేరతారు. పెద్ద జీవుల్ని చాలావరకు ఒక్కరే ఓడించలేరు, ఇంకొందరు కావాలి. మామూలుగా ఇందులో మార్పిడి చేసుకోవాలంటే ఇద్దరూ వంద మీటర్ల లోపల ఉండాలి. 2023లో ఈ ఆటకి హిందీ వచ్చింది, ఎనిమిది వందలకు పైగా జీవులకి హిందీ పేర్లు పెట్టారు. కార్టూన్ తెలుగు డబ్బింగులో కూడా వచ్చింది. ఆటకి తెలుగు ఇంకా రాలేదు. రావాలి. పెట్టే పేర్లు కూడా ఇక్కడ ఆడే పిల్లల్ని అడిగి పెడితే బాగుంటుంది.

చివరగా 2019 నాటి తగాదా. దాని లోతు అర్థం కావాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. 2002లో రూబీ ఆటలో పట్టుకున్న జీవిని, 2006లో వచ్చిన తర్వాతి ఆటలోకి తీసుకెళ్లవచ్చు. అక్కణ్నుంచి ఆపై ఆటలోకి, ఆపైన ఇంకో యంత్రంలోకి. ప్రతి దాటింపూ ఒకవైపే, వెనక్కి రాదు. యంత్రాలు మారాయి, ఆడేవాడు బడి నుంచి కాలేజీకి, ఉద్యోగానికి వెళ్లాడు. పదో ఏట పట్టుకుని, తన చెల్లెలి పేరు పెట్టిన జీవి ఇరవై ఏడో ఏట కూడా తన వెంట ఉంది. దాని వివరాల పేజీలో మొదటి యజమాని ఎవరో రాసి ఉంటుంది. చాలామంది ఇళ్లలో ఆ మొదటి యజమాని ఇప్పుడు దూరదేశంలో ఉన్న అన్నయ్య, లేదా ఇప్పుడు లేని స్నేహితుడు.

2019 జూన్‌లో నిర్మాత జునిచి మసుదా, కొత్తగా రాబోయే స్వోర్డ్, షీల్డ్ ఆటల్లోకి అన్ని జీవుల్నీ తేవడం కుదరదని ప్రకటించారు. సంఖ్య బాగా పెరిగిపోయింది, అన్నింటికీ కొత్తగా బొమ్మలు కట్టి పోటీలో సమతూకం ఉంచడం కష్టమని కారణం చెప్పారు. కారణం నిజమే. తయారీదారుల్ని వ్యక్తిగతంగా తిట్టినవాళ్లు, బెదిరించినవాళ్లు చేసింది తప్పే, అందులో సందేహం లేదు. కానీ ఆ గొడవనంతా పెద్దవాళ్ల మారాం అని కొట్టిపారేసిన వ్యాసాలు చదివినప్పుడు నాకు బాధ వేసింది. అన్నిటినీ పట్టమని ఇరవై ఏళ్లకు పైగా చెప్పింది ఆ ఆటే. పట్టినవాటిని ప్రాణంగా చూసుకోమని కథలో ప్రతి పాత్ర చేతా చెప్పించింది కూడా అదే. వాళ్లు విన్నారు.

ఇప్పుడు ఆ జీవుల్ని పోకెమాన్ హోమ్ అనే దాపులో దాచుకోవచ్చు. కొత్త ఆటల్లోకి కొన్నే వెళ్లగలవు, మిగతావి అక్కడే ఉంటాయి. 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ ఆటల్లోనూ అంతే. అందుకే ఇప్పుడు ఏ కొత్త ఆట ప్రకటించినా, కథ ఏమిటి, కొత్త జీవులేమిటి అన్న మాటకంటే ముందు ఎంతోమంది అడిగే ప్రశ్న, మావాడు ఇందులో ఉన్నాడా అనే. జాబితా బయటపడిన రోజున ఒక్కొక్కరూ మొదట వెతుక్కునేది ఆ ఒక్క పేరు.